కీమోథెరపీ విషప్రభావం: సహజ యాంటీఆక్సిడెంట్లు అవయవాలను కాపాడగలవా?

క్యాన్సర్ కణాలను సంహరించే మందుల్లో పలు రకాలు ఆరోగ్యవంతమైన అవయవాలనూ దెబ్బతీస్తాయి. సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలను, వినికిడిని బలహీనపరుస్తుంది. రొమ్ము క్యాన్సర్, లింఫోమా వంటి వ్యాధులకు వాడే డోక్సోరూబిసిన్ గుండె కండరానికి చేటు తెస్తుంది. ఈ హానిలో కొంత భాగానికి ఫ్రీ రాడికల్స్ కారణమని తేలడంతో, వాటిని అణచే సహజ పదార్థాలపై దశాబ్దాలుగా పరిశోధన సాగుతోంది.

ఎర్రని రంగులో ఉండే డోక్సోరూబిసిన్ కూడా సహజ మూలం గలదే. మట్టిలో నివసించే స్ట్రెప్టోమైసిస్ జాతి సూక్ష్మజీవి నుంచి దానిని సంగ్రహించారు. సహజమైనదంతా నిరపాయకరం కాదనడానికి వేరే నిదర్శనం అక్కరలేదు. గుండె కణాల్లో మైటోకాండ్రియా అధికం, రాడికల్స్‌ను తొలగించే కాటలేజ్ వంటి ఎంజైములు తక్కువ. అందువల్ల అక్కడ నష్టం మోతాదు మోతాదుకూ పోగవుతుంది. శరీర ఉపరితలపు చదరపు మీటరుకు మొత్తం 550 మిల్లీగ్రాములు దాటితే గుండె వైఫల్యపు ముప్పు వేగంగా పెరుగుతుంది. వైద్యులు జీవితకాల మోతాదును లెక్కగట్టేది ఇందుకే.

విటమిన్ ‘ఇ’ ఎలుకల గుండెను ఈ మందు నుంచి కాపాడిందని 1977లో వెల్లడైంది. అయితే 1982లో రోగులపై జరిపిన పరిశీలనలో అధిక మోతాదు విటమిన్ సైతం రక్షణ ఇవ్వలేదు. మరుసటి ఏడాది ఎన్-ఎసిటైల్‌సిస్టీన్‌కూ అదే ఫలితం ఎదురైంది. గుండె కణాల్లోని టోపోఐసోమరేజ్-2 బీటా అనే ఎంజైము ద్వారా డీఎన్‌ఏ దెబ్బతినడం ముఖ్య కారణమని 2012లో వెలువడిన పరిశోధన సూచించింది. రాడికల్స్‌ను మాత్రమే అడ్డుకున్నప్పుడు ఫలితం ఎందుకు దక్కలేదో దీనితో కొంత బోధపడుతుంది. గుండె రక్షణకు అమెరికాలో 1995లో ఆమోదం పొందిన డెక్స్‌రాజోక్సేన్ కృత్రిమ ఔషధం.

పసుపులోని కర్కుమిన్ సిస్‌ప్లాటిన్ ఇచ్చిన జంతువుల మూత్రపిండాలకు మేలు చేసినట్లు అనేక ప్రయోగాలు చూపాయి. మనిషి పేగులు దానిని అతి స్వల్పంగానే గ్రహిస్తాయి. శోషణ పెంచేందుకు మాత్రల్లో కలిపే మిరియాల పైపెరిన్, కాలేయంలో మందులను విచ్ఛిన్నం చేసే ఎంజైములను నిరోధించగలదు. అప్పుడు రక్తంలో కీమో మందు స్థాయి మారవచ్చు. గ్రాము పసుపులో కర్కుమిన్ సుమారు 30 మిల్లీగ్రాములే. కూరలో వేసే చిటికెడు పసుపునూ, వందల మిల్లీగ్రాముల మాత్రలనూ ఒకే గాటన కట్టరాదు.

మరో చిక్కు, రక్షక పదార్థం కణితినీ రక్షించవచ్చు. గ్రీన్ టీలోని ఈజీసీజీ, మైలోమాకు వాడే బోర్టెజోమిబ్‌తో నేరుగా బంధం ఏర్పరచుకుని ఆ మందును నిర్వీర్యం చేస్తుందని 2009లో ప్రయోగశాలలో గుర్తించారు.

ఆశ పూర్తిగా అడుగంటలేదు. ల్యుకేమియాతో బాధపడుతున్న 50 మంది బాలలపై 2010లో ప్రచురితమైన చిన్న అధ్యయనంలో మిల్క్ థిసిల్ మొక్క సారం ఇచ్చిన బృందంలో ఒక కాలేయ ఎంజైము స్థాయి తగ్గింది. చికిత్సకు ముందూ ఆ తరువాతా ఎకో పరీక్షతో గుండె పనితీరును, రక్తపరీక్షలతో మూత్రపిండాలు, కాలేయాన్ని గమనించడం ఆస్పత్రుల్లో సాధారణ పద్ధతి. మాత్రలు, కషాయాలు, చూర్ణాలు వాడుతున్న రోగులు వాటి పేరు, మోతాదు, మొదలుపెట్టిన రోజు క్యాన్సర్ వైద్యునికి తెలపాలి.