చేపల తట్టలో చదువు



"చేప మొప్పలతో గాలి పీలుస్తుంది" అని మన పిల్లలు గడగడా అప్పజెబుతారు. మొప్పలెక్కడున్నాయో చూపించమంటే తెల్లమొహం వేస్తారు. కళ్ళతో చూడని చదువు ఎన్నాళ్ళు నిలుస్తుంది చెప్పండి?

చూసి, అడిగి నేర్చుకున్న ఒక పెద్దాయన సంగతి చెబుతాను. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉండేవారు. 1785లో ఈస్టిండియా కంపెనీ ఆయన్ని ప్రకృతి పరిశోధకుడిగా నియమించింది. తీరంలో దొరికిన చేపల్ని పరీక్షించి, ఇక్కడి చిత్రకారుడి చేత బొమ్మలు వేయించి, మనవాళ్ళు వాటిని ఏమంటారో అడిగి రాసుకున్నారు. ఆ రెండువందల చేపల పుస్తకం 1803లో లండనులో అచ్చయింది.

అంతకుముందే, 1796లో, ఆయన పాముల పుస్తకం వచ్చింది. పసుపు, నలుపు పట్టీల పాముకు అందులో రాసుకున్న తెలుగు పేరు బంగారుపాము. దాన్నుంచే కట్లపాముల జాతికి 'బంగారస్' అన్న పేరొచ్చింది. ఈనాటికీ ప్రపంచమంతా అదే వాడుక. మన మాట ఎంత దూరం వెళ్ళిందో చూడండి!

విశాఖకు నైరుతిగా పరవాడ ఉంది. 2022 నుంచి అది అనకాపల్లి జిల్లా అయింది గానీ, సముద్రం మాత్రం రస్సెల్ చూసినదే. ఆ మండలంలోని ముత్యాలమ్మపాలెం లాంటి జాలరి పల్లెకు ఒక ఉదయం పిల్లల్ని తీసుకెళ్ళండి. వీలుకాకపోతే మీ వీధిలోకొచ్చే చేపల తట్టయినా చాలు.

టేకుచేప చూపించండి. విస్తరిలా బల్లపరుపుగా ఉంటుంది. కళ్ళు పైన, నోరు కింద. ఎందుకలా అని వాణ్ణే ఆలోచించనివ్వండి. సముద్రపు అడుగున ఇసుకలో ఒదిగి ఉండే జీవి అది. నోరు ఇసుకలో ఉంటే నీళ్ళెలా పీలుస్తుంది? కళ్ళ వెనక రెండు రంధ్రాలున్నాయి, చూపించండి. తోక ముల్లు విషం, చెయ్యి పెట్టనివ్వకండి. పక్కనే చందువాను పెడితే, అది నిలువునా పలచగా ఉంటుంది. నీళ్ళ మధ్య ఈదే చేపకు ఆ ఆకారం అనువు.

ఒడ్డున ఇసుకలో పాకే తీగను చూడమనండి. కణుపు కణుపుకీ వేళ్ళు దింపుకుంటుంది. గాలికి ఇసుక కదిలినా అది కదలదు.

ఇంకొక్కమాట. తట్ట దింపిన ఆమెను "ఏమే" అని పిలవనివ్వకండి. "అమ్మా, దీన్నేమంటారు?" అని అడగమనండి. ఆ పేర్లన్నీ ఆమె నోట ఉన్నవే. మనం అడక్కపోతే, మన పిల్లల తరానికి అవి పుస్తకాల్లోనే మిగులుతాయి. రస్సెల్ అంతటివాడు అడిగే నేర్చుకున్నాడు. అడగడానికి మనకు మొహమాటమెందుకు?