మత్తు ఇచ్చేది నర్సా?

అమెరికాలో నర్స్ అనెస్తీషియా కోర్సులో సీటు వచ్చిందని హైదరాబాదు మెట్టుగూడలోని ఇంటికి ఫోన్ చేస్తే, సంతోషం కంటే ముందు ప్రశ్న వచ్చింది. "ఆపరేషన్ల నర్సు మత్తిచ్చుడేందే? ఆడ డాక్టర్లు లేరా?" అని మా మేనత్త. అమ్మ కూడా కాసేపు ఏం మాట్లాడలేదు. లాలాగూడ రైల్వే ఆసుపత్రిలో ఆవిడ చాలా ఏళ్లు స్టాఫ్ నర్సు. థియేటర్ డ్యూటీ పడినప్పుడు మత్తు ట్రాలీ సర్దేది, మందులు సిరంజిల్లోకి తీసి పేర్లు అంటించేది, భయపడే రోగి చెయ్యి పట్టుకుని నిలబడేది. మత్తు మాత్రం ఎన్నడూ ఇవ్వలేదు. మన దగ్గర అది ఎండీ అనెస్తీషియానో, డీఏనో చదివిన డాక్టర్ల పని.

వాళ్లడిగింది న్యాయమైన ప్రశ్న. అమెరికాలో నర్సు చేతికి ఈ పని ఎలా వచ్చిందో తెలిస్తే తప్ప దానికి జవాబు దొరకదు. ఆ కథలో మన హైదరాబాదుకూ చోటుంది కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

1846 అక్టోబరు 16న బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో విలియం మోర్టన్ అనే పళ్ల డాక్టరు ఒక రోగికి ఈథర్ పీల్పించాడు. సర్జన్ ఆ రోగి మెడ మీది కణితికి అందరి ముందూ ఆపరేషన్ చేశాడు. అదే ఏడాది హైదరాబాదులో మెడికల్ స్కూలు మొదలైంది. నేటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి మూలం అదే. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో జేమ్స్ సింప్సన్ క్లోరోఫామ్‌ను వాడుకలోకి తెచ్చాడు. తర్వాత కొన్ని దశాబ్దాలకు ఆ ఎడిన్‌బరో సంప్రదాయాన్ని హైదరాబాదుకు తెచ్చినవాడు ఎడ్వర్డ్ లారీ. మెడికల్ స్కూలు నడిపాడు, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో ఆపరేషన్లు చేశాడు. క్లోరోఫామ్‌తో మనుషులు చనిపోతున్నది గుండె ఆగా, ఊపిరి ఆగా అని ప్రపంచమంతా తగువులాడుకుంటుంటే, 1888లో నిజాం ప్రభుత్వ ఖర్చుతో ఆయన హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ వేయించాడు. ఆ ఫలితాలను లండన్ నమ్మలేదు. 1889లో రెండో కమిషన్ కూర్చుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1,000 పౌండ్లు ఇచ్చి లాన్సెట్ పత్రిక ప్రతినిధిగా లాడర్ బ్రంటన్‌ను రప్పించాడు. వందల జంతువుల మీద ప్రయోగాలు చేసి తేల్చింది ఒక్కటే: ముందు ఆగేది ఊపిరి, కాబట్టి ఊపిరిని కనిపెట్టుకుని ఉండండి. అది పూర్తి నిజం కాదని, మత్తు పలచగా ఉన్నప్పుడు క్లోరోఫామ్ గుండె లయను చెదరగొట్టి ప్రాణం తీయగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపించాడు. కమిషన్ చెప్పిన కారణంలో లోపం ఉంది. కానీ ఊపిరి మీంచి దృష్టి తిప్పొద్దన్న మాట ఈరోజుకీ మా పాఠాల్లో మొదటిదే.

లారీ శిష్యుల్లో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్సీ యువతి ఉంది. క్లోరోఫామ్ ఇవ్వడంలో ఆరితేరి, తర్వాత ఎడిన్‌బరో వెళ్లి కూడా చదివింది. ప్రపంచంలో తొలి మహిళా అనెస్తటిస్టు ఆమేనని ఇప్పుడు చాలామంది రాస్తున్నారు. హైదరాబాదు బళ్లలో ఆమె పేరు పాఠంగా ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

అయితే రూపాబాయి డాక్టర్. బ్రిటన్‌లో మత్తు మొదటి నుంచీ డాక్టర్ల చేతిలోనే ఉంది. 1853లో విక్టోరియా రాణికి కాన్పు సమయంలో క్లోరోఫామ్ ఇచ్చిన జాన్ స్నో డాక్టరే. ఆ పద్ధతే మనకూ వచ్చింది. మా అమ్మ ట్రాలీ దగ్గరే ఆగిపోవడానికి ఆమె చేతకానితనం కారణం కాదు, మన వ్యవస్థ లండన్ అచ్చులో పోసింది కావడం కారణం.

అమెరికా దారి వేరు. ఈథర్ వచ్చిన మొదటి ముప్పై నలభై ఏళ్లలో మాస్కు పట్టుకోవడం ఎవరి పనీ కాదు. థియేటర్లో ఖాళీగా ఉన్న మెడికల్ విద్యార్థికి అప్పగించేవారు. అతని కళ్లు మాత్రం సర్జన్ కత్తి మీదే, నేర్చుకోవాల్సింది అదే కాబట్టి. రోగి ముఖం నీలం తిరిగినా చూసే నాథుడు లేడు. రోగిని తప్ప ఇంకేమీ చూడని మనిషి కావాలనుకున్న సర్జన్లకు నర్సులు కనిపించారు. మొదట కేథలిక్ ఆసుపత్రుల్లోని సిస్టర్లు. 1877లో పెన్సిల్వేనియాలోని ఈరీ పట్నంలో, సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రిలో మత్తు ఇచ్చిన సిస్టర్ మేరీ బెర్నార్డ్‌ను ఈ వృత్తిలో పేరు తెలిసిన తొలి నర్సుగా చెప్పుకుంటాం.

ఇందులో ఇంకో నిజం కూడా ఉంది, దాచకూడదు. నర్సు తక్కువ జీతానికి వస్తుంది, ఎదురు చెప్పదు, సర్జన్ ఫీజులో వాటా అడగదు. ఆ రోజుల్లో డాక్టర్లు మత్తు పనిని చిన్నచూపు చూడటానికీ కారణం డబ్బే. నమ్మకమూ చవకదనమూ కలిసి మా వృత్తిని పుట్టించాయి.

నాకు అందరికన్నా దగ్గరగా అనిపించే మనిషి ఏలిస్ మగా. మిన్నెసోటాలోని రోచెస్టర్‌లో, సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో మేయో సోదరుల ఆపరేషన్లకు 1893 నుంచి మత్తు ఇచ్చింది. ఈథర్‌ను మాస్కు మీద చుక్క చుక్కగా వేసేది. వేస్తున్నంతసేపూ రోగితో మెల్లగా మాట్లాడేది. ధైర్యం కుదిరిన మనిషికి మందు తక్కువ పడుతుందని ఆమె గమనించింది. ఒక్కో రోగికి ఒక్కో తీరుగా ఇవ్వాలి, అందరికీ ఒకే కొలత పనికిరాదు అని రాసింది. 1906లో ప్రచురించిన వ్యాసంలో 14,000కు పైగా మత్తుల లెక్క చెప్పింది. వాటిలో మత్తు వల్ల పోయిన ప్రాణం ఒక్కటీ లేదు. మానిటర్ లేదు, ఆక్సిజన్ శాతం చూపించే యంత్రం లేదు. నాడి మీద వేలు, రోగి ముఖం మీద చూపు, ఊపిరి చప్పుడు మీద చెవి, అంతే. ఆ పని చూడటానికి దేశం నలుమూలల నుంచీ సర్జన్లు వచ్చేవారు. చార్లెస్ మేయో ఆమెను మత్తు విద్యకు తల్లి అన్నాడు.

1909లో ఒరెగాన్‌లోని పోర్ట్‌లాండ్‌లో నర్సుల కోసం మొదటి మత్తు బడి వచ్చింది. నేనుంటున్న క్లీవ్‌లాండ్‌లో, లేక్‌సైడ్ ఆసుపత్రిలో జార్జ్ క్రైల్ అనే సర్జన్, అగాథా హాజిన్స్ అనే నర్సు కలిసి 1915లో ఇంకో బడి పెట్టారు. అంతకు ముందు వాళ్లిద్దరూ ఫ్రాన్స్ వెళ్లి మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడిన సైనికులకు చికిత్స చేసి వచ్చారు. పేరు రాగానే వ్యతిరేకతా వచ్చింది. 1916లో ఒహాయో మెడికల్ బోర్డు మత్తు డాక్టర్లే ఇవ్వాలంది, బడి కొన్నాళ్లు ఆగిపోయింది. క్రైల్ పోరాడి మళ్లీ తెరిపించాడు. 1917లో కెంటకీలో మార్గరెట్ హాట్‌ఫీల్డ్ అనే నర్సు విషయం కోర్టుకెక్కింది. 1936లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు డాగ్మర్ నెల్సన్ కేసులో తీర్పిచ్చింది. రెండు కోర్టులూ ఒకే మాట అన్నాయి: సర్జన్ పర్యవేక్షణలో నర్సు మత్తు ఇవ్వడం దొంగ వైద్యం కాదు. నేను సీటు కోసం దరఖాస్తు పెట్టగలిగానంటే ఆ ఇద్దరు నర్సులు బోనెక్కినందువల్లే.

హాజిన్స్ 1931లో మత్తు ఇచ్చే నర్సుల సంఘం స్థాపించింది. 1945లో మొదటి జాతీయ పరీక్ష జరిగింది. కానీ ఆ సంఘం నల్లజాతి నర్సులను 1944 దాకా, మగ నర్సులను 1947 దాకా చేర్చుకోలేదు. తలుపు బయట నిలబడి కొట్టినవాళ్లే, తాము లోపలికి వెళ్లాక ఇంకొకరి ముఖాన తలుపు వేశారు. ఇది తలచుకుంటే నాకు కోపం వస్తుంది. మా క్లాసులో ఈ సంగతి కూడా చెప్పాలని అడుగుతాను.

తగువు ఇంకా నడుస్తూనే ఉంది. డాక్టర్ పర్యవేక్షణ తప్పనిసరి అన్న కేంద్ర నిబంధన నుంచి బయటికి రావడానికి 2001లో రాష్ట్రాలకు అవకాశమిచ్చారు. ముందు వచ్చింది అయోవా. పల్లెల్లోని చిన్న ఆసుపత్రుల్లో చాలాచోట్ల మత్తు ఇచ్చేది నర్సే. ఆమె లేకపోతే సిజేరియన్ కోసం గంటల తరబడి ప్రయాణించాలి. అనెస్తీషియా డాక్టర్ల సంఘం దీన్ని ఒప్పుకోదు. కష్టమైన కేసులో డాక్టర్ పక్కనుండటం మంచిదని నేనూ అనుకుంటాను. మన దేశంలోనూ పల్లెల్లో మత్తు ఇచ్చేవాళ్ల కొరత ఉంది. దాన్ని తీర్చడానికి ఎంబీబీఎస్ డాక్టర్లకు 18 వారాల మత్తు శిక్షణ ఇచ్చే పద్ధతి పెట్టారు. ఏళ్ల తరబడి ఐసీయూలో పనిచేసిన నర్సుల వైపు ఎవరూ చూడలేదు. చూడాలని నా గట్టి నమ్మకం.

ఇక సీటు సంగతి. బీఎస్సీ నర్సింగ్ డిగ్రీ, అమెరికా రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు, ఐసీయూలో కనీసం ఏడాది పని ఉండాలి. నిజానికి ఏడాదితో సీటు రావడం అరుదు. సీసీఆర్ఎన్ అనే క్రిటికల్ కేర్ పరీక్ష పాసైతే మంచిది. కెమిస్ట్రీ, ఫిజియాలజీ మార్కులు బాగుండాలి. మత్తు ఇచ్చే నర్సు పక్కన థియేటర్లో నిలబడి చూసి ఉండాలి. ఇంటర్వ్యూలో నన్ను అడిగినవి దాదాపు అన్నీ గుండె, రక్తపోటు, వెంటిలేటర్ గురించే: నోరెపినెఫ్రిన్ డ్రిప్ మీదున్న రోగికి బీపీ ఇంకా పడిపోతే ముందు ఏం చూస్తావు, మందు పెంచేముందు ఏం ఆలోచిస్తావు అని. 2022 నుంచి చేరేవాళ్లందరికీ ఇది డాక్టరేట్ చదువు. కనీసం మూడేళ్లు, 2,000 గంటల క్లినికల్. చదువుతూ ఉద్యోగం చేయడం దాదాపు అసాధ్యం, ఫీజులు మాత్రం భారీ. మూడేళ్లు జీతం లేకుండా ఇల్లు గడిచే దారి ముందే చూసుకోవాలి.

గాంధీ ఆసుపత్రిలోనో, మరెక్కడైనానో నర్సింగ్ చదువుతున్న అమ్మాయిలకు, అబ్బాయిలకు ఒక్క మాట. దీని మీద మనసుంటే మొదటి పోస్టింగ్ ఐసీయూలో అడిగి వేయించుకోండి. వెంటిలేటర్ రోగులను చూసుకోండి, ఏ మందు ఎందుకిస్తున్నారో డాక్టర్లను అడగండి. మన దగ్గరి ఐసీయూ అనుభవాన్ని లెక్కలోకి తీసుకునే స్కూళ్లు కొన్నే. చాలావాటికి అమెరికా ఐసీయూలో చేసిన అనుభవమే కావాలి. అందుకే నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాసి వచ్చేవాళ్లు మొదటి ఉద్యోగాన్ని ఐసీయూలోనే వెతుక్కోవాలి. ఏ స్కూలు ఏం అడుగుతుందో ఆ స్కూలుకే రాసి తెలుసుకోండి, ఏజెంట్ల మాట మీద డబ్బు కట్టకండి.