బ్రాండెడ్ కొనాలా, అసెంబుల్ చేయించాలా? 50 ఏళ్ల గొడవ, మా ఇంట్లో ఒక గొడవ

నెల్లిమర్ల నుంచి మీ హోస్ట్‌ని. ఈ ఎపిసోడ్‌కి కారణం మా అక్క కొడుకు. మొన్నే పదో తరగతి పరీక్షలు రాశాడు. ఇన్నాళ్లూ ఫోన్‌లో బీజీఎంఐ ఆడాడు, ఇప్పుడు గేమింగ్ పీసీ కావాలంటున్నాడు. ఎడిటింగ్, కోడింగ్ కూడా నేర్చుకుంటాడట. మా అక్క చీటీ పాడిన డబ్బులు 70,000 పక్కన పెట్టింది. వాడు నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. "మావయ్యా, రెడీమేడ్‌ది కొనీమంటావా, పార్టులు కొని మనమే బిగిద్దామా?"

వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ఎందుకంటే ఈ ప్రశ్నకి రెండు సమాధానాలూ నేను ప్రయత్నించాను, రెండుసార్లూ దెబ్బ తిన్నాను. ఆ దెబ్బలు ఎలా తగిలాయో చెప్పాలంటే కొంచెం చరిత్ర చెప్పాలి. ఓపిగ్గా వినండి, చివర్లో డబ్బులు మిగిలే మాట ఉంటుంది.

ముందు పేర్ల సంగతి. అమెరికా యూట్యూబర్లు "ప్రీబిల్ట్" అంటారు. మన విజయనగరంలో ఆ మాట ఎవరూ వాడరు. మనకి ఉన్నవి రెండే: బ్రాండెడ్, అసెంబుల్డ్. ఇంకో విషయం, మనవాళ్లు మొత్తం డబ్బానే "సీపీయూ" అంటారు. అసలు సీపీయూ అంటే లోపల అగ్గిపెట్టె కంటే చిన్నగా ఉండే ప్రాసెసర్ మాత్రమే. డబ్బా మూతపెట్టి ఉంటుంది, లోపల ఏముందో చూసేవాడు తక్కువ. ఈ కథలో మోసాలకి మూలం కూడా అదే.

1975 జనవరి. అమెరికాలో పాపులర్ ఎలక్ట్రానిక్స్ అనే పత్రిక కవర్ మీద ఆల్టెయిర్ 8800 అనే కంప్యూటర్ బొమ్మ వేశారు. తయారుచేసింది మిట్స్ అనే చిన్న కంపెనీ, యజమాని ఎడ్ రాబర్ట్స్. దాన్ని కిట్‌గా అమ్మారు, ధర 400 డాలర్లకి అటూఇటూ. కిట్ అంటే సంచిలో విడిభాగాలు వస్తాయి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకుని మీరే అతికించుకోవాలి. బిగించినది కావాలంటే ఎక్కువ డబ్బు. స్క్రీన్ లేదు, కీబోర్డ్ లేదు, ముందు స్విచ్‌లు, లైట్లు. మెమరీ 256 బైట్లు. అయినా జనం ఎగబడ్డారు. అంటే ఇంట్లో పెట్టుకునే కంప్యూటర్ కథ మొదలైందే "నువ్వే బిగించుకో" అనే దగ్గర.

మరుసటి ఏడాదే గాలి మారింది. 1976లో స్టీవ్ వోజ్నియాక్, స్టీవ్ జాబ్స్ యాపిల్-1 తయారుచేశారు. బైట్ షాప్ అనే దుకాణం యజమాని పాల్ టెరెల్ 50 బోర్డులు తీసుకుంటానన్నాడు, కానీ షరతు పెట్టాడు: కిట్‌లు వద్దు, భాగాలన్నీ అతికించిన బోర్డులే కావాలి. ఒక్కోదానికి 500 డాలర్లు ఇస్తానన్నాడు. బయట అమ్మకం ధర 666.66 డాలర్లు. అయినా కొన్నవాడే క్యాబినెట్, పవర్ సప్లై, కీబోర్డ్ తెచ్చుకోవాలి. సగం రెడీమేడ్, సగం సొంతం అన్నమాట. దుకాణదారుడికి ఒక విషయం తెలుసు: బిగించుకోవడం సరదాగా ఉండేవాళ్లు కొందరే, వాడుకోవాలనుకునేవాళ్లు చాలామంది.

అప్పుడు మన దగ్గర? హైదరాబాద్‌లో ఈసీఐఎల్ 1967లోనే మొదలైంది. దాని వెనకున్న మనిషి మన తెలుగువాడు అయ్యగారి సాంబశివరావు, ఏఎస్ రావు నగర్ ఆయన పేరే. 1969లో అక్కడి నుంచి టీడీసీ-12 కంప్యూటర్ బయటికొచ్చింది. 1976లో హెచ్‌సీఎల్ పుట్టింది. 1978లో ఐబీఎం ఇండియా వదిలి వెళ్లిపోయింది. ఇవన్నీ సంస్థలకీ ఆఫీసులకీ అమ్మే లోకం. నెల్లిమర్లలో ఒక ఇంట్లో కంప్యూటర్ ఉండటం అనే ఊహే లేదు. 1984 నవంబర్‌లో కేంద్రం కొత్త కంప్యూటర్ విధానం తెచ్చి దిగుమతుల్ని కొంచెం వదులు చేసింది. అప్పటికి ప్రపంచంలో ఒక పెద్ద మార్పు జరిగిపోయింది.

ఆ మార్పు 1981 ఆగస్టు 12న మొదలైంది. ఐబీఎం తన పీసీని విడుదల చేసింది, మోడల్ నంబర్ 5150. మొదలు ధర 1,565 డాలర్లు. తొందరగా మార్కెట్లోకి రావాలని ఐబీఎం బయట దొరికే భాగాలే వాడింది: ఇంటెల్ ప్రాసెసర్, మైక్రోసాఫ్ట్ డాస్. లోపల 5 ఎక్స్‌పాన్షన్ స్లాట్లు ఇచ్చింది. సర్క్యూట్ వివరాలు పుస్తకంగా అచ్చేసి అమ్మింది. నిజంగా ఐబీఎం సొంతం అనదగ్గది బయోస్ అనే చిన్న ప్రోగ్రామ్. 1982లో కాంపాక్ కంపెనీ ఆ బయోస్‌ని కాపీ కొట్టకుండా, అది చేసే పనులు మాత్రమే తెలుసుకుని, కొత్తగా రాయించింది. 1984లో ఫీనిక్స్ అనే కంపెనీ అలాంటి బయోస్‌నే అందరికీ అమ్మడం మొదలుపెట్టింది. దాంతో తాళం ఊడిపోయింది. ఎవడైనా పీసీ తయారుచేయొచ్చు.

తర్వాత 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలత తెచ్చింది. మదర్‌బోర్డ్ సైజు ఇంత, స్క్రూ రంధ్రాలు ఇక్కడ, ఎస్‌ఎంపీఎస్ ప్లగ్ ఇలా అని. తైవాన్‌లో చేసిన బోర్డు, ఇంకెక్కడో చేసిన క్యాబినెట్, రెండూ విజయనగరంలో ఒక బల్ల మీద సరిగ్గా కూర్చున్నాయంటే కారణం ఆ కొలతే. మీ ఫోన్‌కి ఇలాంటి కొలత లేదు, అందుకే ఫోన్ అసెంబుల్ చేసుకోలేం. గూగుల్ ప్రాజెక్ట్ అరా పేరుతో ముక్కలు మార్చుకునే ఫోన్ ప్రయత్నించి 2016లో ఆపేసింది.

1997లో ఇండియా ఐటీ వస్తువుల మీద సుంకాలు తీసేసే అంతర్జాతీయ ఒప్పందంలో చేరింది. 2005 నాటికి ఆ వస్తువుల మీద కస్టమ్స్ సుంకం సున్నాకి దిగింది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ, అంటే చెనాయ్ ట్రేడ్ సెంటర్, చెన్నైలో రిచీ స్ట్రీట్, ఢిల్లీలో నెహ్రూ ప్లేస్ ఆ కాలంలో కిటకిటలాడాయి. మనవైపు వాళ్లు విశాఖ ద్వారకానగర్ వెళ్లేవాళ్లు. పలాస పాసింజర్‌లో పొద్దున్నే దిగి, సాయంత్రానికి మానిటర్‌ని ఒళ్లో పెట్టుకుని తిరిగొచ్చిన అన్నయ్యల్ని నేను చూశాను.

ఒక మాట గట్టిగా చెప్తాను. మన చిన్న ఊళ్లకి కంప్యూటర్‌ని తెచ్చింది ఎక్కువగా ఆ అసెంబుల్డ్ దుకాణాలే. నెట్ సెంటర్లు, డీటీపీ షాపులు, స్కూల్ ల్యాబులు, అన్నీ ఆ డబ్బాల మీదే నడిచాయి. మనం రోడ్ రాష్, ఐజీఐ, వైస్ సిటీ ఆడింది వాటి మీదే. దొంగ విండోస్, దొంగ సీడీలు కూడా ఆ దుకాణాల నుంచే వచ్చాయి, అదీ నిజమే. తక్కువ ధర ఎక్కడి నుంచి వస్తోందని ఎవరూ అడగలేదు.

మా నాన్న కూడా అడగలేదు. ఆయన దర్జీ. 2011 వేసవిలో నాకు అసెంబుల్డ్ పీసీ కొనిపెట్టాడు, సెకండ్ హ్యాండ్ డబ్బా మానిటర్‌తో కలిపి 16,000. బ్రాండెడ్‌కి దాదాపు అంతకి రెట్టింపు చెప్పారు. నాన్న అన్న మాట గుర్తుంది: "కుట్టించుకున్నదే ఒంటికి సరిపోద్దిరా, రెడీమేడ్ ఎందుకు?" బిల్లు అడగలేదు. దుకాణం అతను తెల్లకాగితం మీద పార్టుల పేర్లు రాసిచ్చాడు.

మూడేళ్లు బాగానే నడిచింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. మాకు రోజుల తరబడి కరెంటు లేదు. వచ్చిన రోజు అందరం అరిచాం. నేను పీసీ ఆన్ చేశాను. లైటు ఒక్కసారి గుడ్డిదై, మళ్లీ భగ్గున వెలిగింది. డబ్బాలోంచి "టప్" అని శబ్దం, కాలిన వాసన. ఎస్‌ఎంపీఎస్ పోయింది, మదర్‌బోర్డ్ పోయింది, హార్డ్ డిస్క్ పోయింది. ఆ డిస్క్‌లో మా అక్క పెళ్లి ఫోటోలున్నాయి. 2009లో స్టూడియో వాళ్లిచ్చిన సీడీ అప్పటికే గీతలు పడి పనిచేయట్లేదు. ఇప్పుడు మా దగ్గర ఆ పెళ్లి ఫోటోలు మూడే ఉన్నాయి, మూడూ ఫ్రేమ్ కట్టినవి. అక్క ఒక్క మాట అనలేదు. నాకు అదే ఎక్కువ బాధ.

తర్వాత ఇంజినీరింగ్‌లో తెలిసింది. గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చేది ఎస్‌ఎంపీఎస్. మంచిదైతే వోల్టేజ్ అదుపు తప్పినప్పుడు తనే ఆగిపోతుంది. చౌకదైతే తను పోతూ మిగతావాటినీ తీసుకుపోతుంది. మా డబ్బాలో దాని మీద 450 వాట్స్ అని స్టిక్కర్ ఉంది. చేతిలో పట్టుకుంటే ఖాళీ టిఫిన్ బాక్సంత తేలిక.

ఇక రెండో దెబ్బ. అమెరికాలో 1996లో మయామీలో ఏలియన్‌వేర్ అనే కంపెనీ పెట్టారు, గేమర్ల కోసమే బిగించి అమ్మడానికి. 2006లో దాన్ని డెల్ కొనేసింది. ఆ డెల్ కూడా 1984లో టెక్సస్‌లో ఒక కాలేజీ హాస్టల్ గదిలో, కస్టమర్ అడిగినట్టు పీసీలు తయారుచేసి అమ్మడంతోనే మొదలైంది. అంటే ఈ పెద్ద బ్రాండ్లు కూడా ఒకప్పుడు అసెంబ్లర్లే.

గేమర్లు మాత్రం సొంతంగా బిగించుకుంటేనే చౌక అని నమ్ముతూ వచ్చారు. 2020 చివర్లో ఆ లెక్క తిరగబడింది. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 3080ని 699 డాలర్లకి ప్రకటించింది, ఆ ధరకి దొరికినవాడు అదృష్టవంతుడు. కోవిడ్ వల్ల చిప్‌ల కొరత, ఇంటి నుంచి పని, పైగా ఎథీరియం మైనింగ్ చేసేవాళ్లు కార్డులు గంపగుత్తగా కొనేయడం. విడిగా కార్డు కొంటే దాదాపు రెట్టింపు ధర. పెద్ద కంపెనీలకి మాత్రం నేరుగా సరఫరా ఉండేది, కాబట్టి బ్రాండెడ్ డబ్బాలో ఉన్న కార్డే చౌక. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం పద్ధతి మారి, కార్డులతో ఎథీరియం మైనింగ్ ఆగిపోయింది.

నేను 2021లో నెల్లిమర్లలో కూర్చుని వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తున్నాను. జీతం దాచుకుని ఒక బ్రాండెడ్ గేమింగ్ పీసీ కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, అవసరం లేదు. ఏడాదిన్నర తర్వాత గ్రాఫిక్స్ కార్డ్ మార్చుదామని మూత తీశాను. మదర్‌బోర్డ్ ఏటీఎక్స్ కాదు, వాళ్ల సొంత కొలత. ఎస్‌ఎంపీఎస్ ప్లగ్ కూడా వాళ్లదే, బయటిది పట్టదు. ఉన్న ఎస్‌ఎంపీఎస్ కొత్త కార్డుకి చాలదు. అంటే ఒక్క కార్డు మార్చాలంటే సగం పీసీ మార్చాలి.

నాన్న పక్కనే కూర్చుని చూస్తున్నాడు. చిరునవ్వు నవ్వి, తను కుట్టిన ఒక పాత ప్యాంటు తెచ్చి తిరగేసి చూపించాడు. "ఇదిగో, నడుం దగ్గర లోపల అంగుళం గుడ్డ వదిలాను సూడు. మనిషి లావైతే ఇప్పి మళ్లీ కుట్టొచ్చు. రెడీమేడోడు అది వదల్డు. గుడ్డ మిగిలితే ఆడికి లాభం." నేను పాత పీసీ సంగతి గుర్తుచేశాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "అది కుట్టిందాని తప్పు కాదురా. దారం ఏటో నేను సూడలేదు."

ఇన్నేళ్ల చరిత్రలో నాకు అర్థమైంది ఇంతే. బ్రాండెడా, అసెంబుల్డా అన్నదాని కంటే, లోపల దారం ఎలాంటిది, విప్పి కుట్టడానికి గుడ్డ వదిలారా లేదా అన్నదే అసలు ప్రశ్న.

ఇప్పుడు మావాడి 70,000 సంగతి. టైమ్ కూడా మంచిది కాదు. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్‌లు అటు పోతుండటంతో 2025 చివర నుంచి ర్యామ్ ధరలు మండిపోయాయి. మైక్రాన్ కంపెనీ అయితే క్రూషియల్ పేరుతో మనలాంటివాళ్లకి అమ్మే వ్యాపారాన్నే మూసేస్తున్నట్టు 2025 డిసెంబర్‌లో ప్రకటించింది. 2021లో కార్డుకి జరిగింది ఇప్పుడు ర్యామ్‌కి జరుగుతోంది. కాబట్టి "బిగించుకుంటే ఎప్పుడూ చౌకే" అని కళ్లు మూసుకుని నమ్మొద్దు. కొనే వారంలో రెండు ధరలూ కాగితం మీద రాసుకుని కలపండి.

బ్రాండెడ్ కొంటే మూడు అడగండి. మదర్‌బోర్డ్ మామూలు కొలతదేనా? ఎస్‌ఎంపీఎస్ ఏ కంపెనీది, ఎన్ని వాట్స్? ర్యామ్‌కి ఖాళీ స్లాట్ ఉందా? చెప్పలేకపోతే బయటికొచ్చేయండి. అసెంబుల్ చేస్తే ప్రతి పార్టుకీ జీఎస్టీ బిల్లు తీసుకోండి. వారంటీ ఒక్కో పార్టుకి ఒక్కో కంపెనీ దగ్గర ఉంటుంది, బిల్లు లేకపోతే మీకు దిక్కు లేదు. డబ్బు సరిపోకపోతే గ్రాఫిక్స్ కార్డ్ తర్వాత కొనండి. ఎస్‌ఎంపీఎస్‌లో మాత్రం మిగల్చొద్దు. ఫోటోలు రెండు చోట్ల పెట్టుకోండి. ఇది ఎవరు చెప్పినా వినలేదు నేను, మీరు వినండి.

మేం ఏం చేస్తున్నామంటారా? బిగిస్తున్నాం. ముందు మంచి ఎస్‌ఎంపీఎస్, చిన్న యూపీఎస్, గ్రాఫిక్స్ లోపలే ఉన్న ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ ఒకటే స్టిక్, పక్కన స్లాట్ ఖాళీగా. కార్డు వచ్చే ఏడాది. మావాడు కాస్త ముఖం మాడ్చుకున్నాడు, పెద్ద గేములు ఇప్పుడే ఆడలేడు కదా. వాళ్ల తాతయ్య భుజం తట్టి "గుడ్డ వదిలాం లేరా" అన్నాడు.

ఆదివారం నాన్న కుట్టు మిషన్ బల్ల మీదే బిగిస్తాం. పని పూర్తయ్యాక మొదటి పని, గోడ మీదున్న ఆ మూడు ఫోటోలూ స్కాన్ చేసి రెండు చోట్ల దాచడం. మీ ఇంట్లో మొదటి కంప్యూటర్ ఏది, ఎంతకి కొన్నారు, ఎలా పోయింది? కామెంట్స్‌లో రాయండి, అన్నీ చదువుతాను. ఉంటాను మరి.