మళ్ళీ మొదటికి వచ్చే కాలం: కొరియా జనప్రియ కథల చారిత్రక నేపథ్యం

మొన్న తరగతిలో నవలా పరిణామం గురించి చెపుతూ, పలాయనవాదానికి ఉదాహరణగా మన విద్యార్థులు సెల్‌ఫోన్లలో చదువుతున్న కొరియా కథలను పేర్కొన్నాను. చనిపోయిన కథానాయకుడు పదేళ్ళో ఇరవై యేళ్ళో వెనక్కి పోయి, జరగబోయేదంతా తెలిసినవాడై మళ్ళీ బ్రతుకుతాడు. లేదా ఒకే రోజు అతనికి పదేపదే తెల్లవారుతుంది. ఇదీ వాటి ఇతివృత్తం. ఒక విద్యార్థిని లేచి, "మా అన్నయ్యకు లాంగ్ టర్మ్ కోచింగులో ఇది మూడో ఏడు సార్. వాడికివి కట్టుకథల్లా అనిపించవుట" అన్నది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఒక సాహిత్యాన్ని పలాయనవాదమని కొట్టివేయడం సులభం. జనం దేనినుంచి పారిపోతున్నారో చెప్పడమే విమర్శకుని పని. ఆ పని నేను చేయలేదు.

ఈ కథలకు కొరియాలో పాత బీజాలు లేకపోలేదు. 13వ శతాబ్దంలో ఇర్యాన్ అనే బౌద్ధ భిక్షువు కూర్చిన 'సాంగుక్ యూసా'లో జోషిన్ అనే భిక్షువు కథ ఉన్నది. ప్రేమించిన యువతితో దశాబ్దాల సంసారం, దారిద్ర్యం, బిడ్డ ఆకలిచావు అన్నీ అనుభవించి అతడు ఉలిక్కిపడి లేస్తాడు. అంతా కల. 17వ శతాబ్దంలో కిమ్ మాన్‌జుంగ్ రాసిన 'కుఉన్‌మోంగ్' నవలలోనూ ఒక యువభిక్షువు మరొక జన్మలో పదవులు, భోగాలు, ఎనమండుగురు స్త్రీల సాంగత్యం పొంది, చివరకు తన ఆశ్రమంలోనే మేలుకుంటాడు. యోగవాసిష్ఠంలోని లవణరాజు కథ ఎరిగిన మనకు ఈ పోకడ కొత్త కాదు. కోరికలు మిథ్య అని ఆ కలలు బోధించాయి. నేటి కథానాయకుడు మాత్రం కోరికలు తీర్చుకోవడానికే మేలుకుంటున్నాడు. ఈ తలకిందులు ఎలా జరిగింది?

నడుమ మరొక స్వప్నం ఉన్నది. అది రైతులది. 1860లో చే జే-ఉ స్థాపించిన తోంగ్‌హాక్ మతం, పాత లోకం అంతరించి కొత్త లోకం తెరుచుకుంటుందని చెప్పింది. దానిని వారు 'కేబ్యోక్' అన్నారు. 1894లో కోబు ప్రాంతపు అధికారి వేసిన నీటి పన్నులు భరించలేక, జన్ బోంగ్-జున్ నాయకత్వాన లేచిన రైతులకు ఆ నమ్మకమే ఆయుధమైంది. ప్రభుత్వ సేనలు, జపాను సేనలు కలిసి వారిని ఉగుమ్‌చి కనుమ వద్ద అణచివేశాయి. వారు ఓడిపోయారు. అయినా వారు కోరిన కొత్త ఆరంభం ఒక్కడిది కాదు, ఊరందరిది.

ఆ తరువాతి చరిత్ర మనకు తెలిసినదే. 1910లో వలసపాలన, 1945లో విముక్తి వెంటనే విభజన, 1950-53 యుద్ధం, 1961 నుంచి సైనిక నియంతృత్వం, 1980 మే నెలలో క్వాంగ్జూ ప్రజలపై కాల్పులు. లీ చాంగ్-డోంగ్ తీసిన 'పెప్పర్‌మింట్ క్యాండీ' చిత్రం రైలుకు ఎదురుగా నిలబడిన మనిషితో మొదలై, 1999 నుంచి 1979 వరకు వెనక్కి నడుస్తుంది. అన్నీ పోగొట్టుకున్నవాడు, అంతకుముందు చిత్రహింసలు పెట్టిన పోలీసు, అంతకుముందు క్వాంగ్జూలో ఒక బాలికను చంపిన సైనికుడు, మొట్టమొదట ఏ పాపమూ ఎరుగని యువకుడు. అందరూ ఒక్కడే. అక్కడ వెనక్కి పోయేది ప్రేక్షకుడు గాని ఆ మనిషి కాదు. ఆ కథలో చరిత్ర మారదు. అర్థమవుతుంది.

1997 డిసెంబరులో దక్షిణ కొరియా అంతర్జాతీయ ద్రవ్యనిధి షరతులకు తలవంచింది. కంపెనీలు మూతపడ్డాయి. జీవితాంతం ఒకే కొలువన్న భరోసా పోయి, తాత్కాలిక ఉద్యోగాలు పెరిగాయి. 2015 ప్రాంతాన యువకులు తమ దేశాన్ని 'హెల్ చోసన్' అని పిలుచుకున్నారు. మనుషులను బంగారు చెంచాతో పుట్టినవాళ్ళు, మట్టి చెంచాతో పుట్టినవాళ్ళు అని విభజించుకున్నారు. కళాశాల ప్రవేశపరీక్షను మళ్ళీమళ్ళీ రాసేవాళ్ళకు అక్కడ 'ఎన్‌సు' అనే పేరే ఉన్నది. యాదృచ్ఛికం కాదు, పునరావృత్తి కథల్లో కూడా ఎన్నవసారి బ్రతుకు అని అదే 'ఎన్' అక్షరం వాడతారు.

ఈ నేల మీదనే 'హ్వేగ్వి', అంటే తిరిగిరాక, అనే కథాజాతి 2010 తరువాత విస్తరించింది. దాని ఉత్పత్తి విధానాన్ని కూడా గమనించాలి. రోజుకొక భాగం, సుమారు అయిదు వేల అక్షరాలు, వెల నూరు వన్‌లు. ఊపిరాడనివ్వని ఘట్టాన్ని పాఠకులు చిలగడదుంప అంటారు, ఉపశమనం ఇచ్చేదాన్ని సోడా అంటారు. పగలంతా గొంతులో దుంప అడ్డుపడ్డ మనిషికి రాత్రి నూరు వన్‌ల సోడా! రచయిత ఏ రోజుకారోజు దానిని అందించకపోతే పాఠకుడు వెళ్ళిపోతాడు.

'జేబోల్‌జిప్ మాంగ్నే అదుల్' ఈ కథాజాతికి మచ్చుతునక. గుత్తసంస్థ కుటుంబానికి ఊడిగం చేసి, వారి చేతనే హత్యకు గురైన ఉద్యోగి, అదే కుటుంబంలో మనుమడుగా పుడతాడు. 1997 సంక్షోభం రాబోతున్నదని అతనికి తెలుసు. లక్షలమందిని వీధిపాలు చేసిన విపత్తు అతనికి పెట్టుబడి అవుతుంది. వర్గ సమస్య, తల్లిగర్భం మారడంతో తీరిపోతుంది! 2022లో వచ్చిన టెలివిజన్ రూపం ముగింపును మార్చింది. నాయకుడు తన మొదటి బ్రతుకులోనే కళ్ళు తెరిచి, తాను పాలుపంచుకున్న నేరాన్ని బహిరంగంగా ఒప్పుకుంటాడు. ఎందరో ప్రేక్షకులు కోపగించారు. జోషిన్ మేలుకొలుపు వారికి అక్కరలేకపోయింది.

అయితే ఈ కథలన్నీ ఒకే మూస అనుకుంటే పొరపాటు. 2017 నాటి 'హరు' చిత్రంలో ఒక వైద్యుడు కూతురి మరణాన్ని మళ్ళీమళ్ళీ చూస్తాడు. ఎంత ముందుగా పరుగెత్తినా ఆపలేడు. తన బిడ్డ కోసం ఒకప్పుడు మరొక తండ్రికి చేసిన అన్యాయాన్ని ఒప్పుకోనిదే ఆ రోజు ముందుకు సాగదు. 2018-20లో వెలువడిన 'సర్వజ్ఞ పాఠకుని దృక్కోణం' నవలలో, చచ్చిన ప్రతిసారీ మొదటికి వచ్చే వీరునికి ఎదురుగా ఒక తాత్కాలిక ఉద్యోగి నిలబడతాడు. ఈసారి పోయినవాళ్ళను వచ్చేసారి కాపాడవచ్చునన్న తర్కాన్ని అతడు ఒప్పుకోడు. ఉన్న బ్రతుకులోనే సహచరులతో కలిసి చివరకు చేరాలంటాడు.

ఇప్పుడు నా అభిప్రాయం చెపుతాను. ఇచ్చిన బ్రతుకు చాలదు, ఆట మొదటే పక్షపాతంతో మొదలైందన్నది ఈ కథల్లోని సత్యం. జరిగినది ఒక్కడికే గుర్తుండటం వాటిలోని అసత్యం. జ్ఞాపకం అక్కడ స్వంత ఆస్తి.

2024 డిసెంబరు 3 రాత్రి సోల్‌లో అధ్యక్షుడు యూన్ సైనిక శాసనం ప్రకటించాడు. నాలుగు దశాబ్దాల తరువాత కాలం నిజంగానే వెనక్కి తిరిగినట్లయింది. జనం పార్లమెంటు ముందుకు పరుగెత్తారు. లోపల 190 మంది సభ్యులు ఏకగ్రీవంగా రద్దు తీర్మానం చేశారు. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం అధ్యక్షుణ్ణి తొలగించింది. ఆ గుంపులో భవిష్యత్తు నుంచి తిరిగివచ్చినవాడు ఒక్కడూ లేడు. 1980ని చూసినవాళ్ళున్నారు. చూసినవాళ్ళ దగ్గర విన్నవాళ్ళున్నారు. మళ్ళీ అదే రోజు వచ్చినప్పుడు ఏమి చేయాలో వారందరికీ తెలిసింది.

వచ్చే వారం ఆ తరగతిలో ఈ కథల్లో ఒకదాన్ని పాఠంగా తీసుకుంటున్నాను. వీలైతే మీ అన్నయ్యను కూడా తీసుకురమ్మని ఆ అమ్మాయితో చెప్పాను.