హార్వర్డ్‌ను ఓడించిన హాస్టల్ పిల్లలు



ఈ వారం అమెరికా వెళ్దాం. 1911. పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ ఇండస్ట్రియల్ స్కూల్. మన పాఠ్యపుస్తకాలు ‘రెడ్ ఇండియన్లు’ అని రాసిన మూలవాసుల పిల్లల కోసం పెట్టిన హాస్టల్ బడి అది. ఆ ఏడు వాళ్ల ఫుట్‌బాల్ జట్టు పన్నెండు ఆటలాడి పదకొండు గెలిచింది. ఇది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు, కోలబంతిని చంకలో పెట్టుకుని గుద్దుకుంటూ పరిగెత్తే అమెరికన్ ఆట.

పేరుకు కాలేజీ జట్లతో ఆడారు గానీ కార్లైల్ కాలేజీ కాదు. పూట చదువు, పూట చాకిరీ. సెలవుల్లో తెల్ల రైతుల ఇళ్లలో పనికి పంపేవాళ్లు. 1879లో పాత సైనిక బ్యారక్స్‌లో దాన్ని మొదలుపెట్టిన రిచర్డ్ హెన్రీ ప్రాట్ స్వయంగా సైనికాధికారి. పిల్లవాడి లోపలి ఇండియన్‌ను చంపేసి మనిషిని మాత్రం మిగల్చాలన్నది అతని సిద్ధాంతం. వచ్చిన కొత్తలోనే జుట్టు కత్తిరించి, పేరు మార్చి, యూనిఫాం తొడిగేవాళ్లు. అమ్మభాష మాట్లాడితే శిక్ష. రాకముందు ఒక ఫొటో, వచ్చాక ఒక ఫొటో తీసి ‘చూడండి, ఎలా బాగుచేశామో’ అని దేశమంతా పంచేవాళ్లు. సంక్షేమ హాస్టళ్లలో చదివిన మనకు, దాతల ముందు వరసగా నిలబెట్టి ఫొటో తీయడం ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు.

జట్టు కూడా ఆ ఫొటో లాంటిదే. తేడా ఒక్కటే. ఫొటోలో పిల్లలు కదలరు, మైదానంలో కదిలారు.

1911 నవంబర్ 11. హార్వర్డ్ సొంత మైదానంలో ఆట. హార్వర్డ్ కోచ్ పెర్సీ హాటన్ తన అసలు జట్టును పక్కన కూర్చోబెట్టి రెండో వరుస ఆటగాళ్లతో మొదలుపెట్టాడు. వీళ్లకి వాళ్లు చాలులే అనుకున్నాడన్నమాట. కార్లైల్‌లో సాక్ అండ్ ఫాక్స్ తెగ కుర్రాడు జిమ్ థోర్ప్ గాయపడ్డ కాలికి కట్టు కట్టుకుని దిగాడు. నాలుగు ఫీల్డ్ గోల్స్ కొట్టాడు, ఒక్కోటి మూడు పాయింట్లు. పైన జట్టుకు ఒక టచ్‌డౌన్. చివర్లో హార్వర్డ్ అసలు జట్టు దిగినా లాభం లేకపోయింది. 18-15. వారం తిరిగేసరికి సిరక్యూజ్ చేతిలో 12-11తో ఓడారు. ఆ ఏటి ఓటమి అదొక్కటే.

మరుసటి ఏడు వెస్ట్ పాయింట్‌లో సైనిక కేడెట్లను 27-6తో ఓడించారు. ఆ కేడెట్ల జట్టులో తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఐసెన్‌హోవర్ ఉన్నాడు. అదే సైన్యం వూండెడ్ నీ దగ్గర లకోటా ఆడవాళ్లనూ పిల్లలనూ కాల్చి చంపింది 1890లో. అప్పటికి ఇరవై రెండేళ్లే.

ఈ కథను చాలామంది ఇక్కడ ఆపేస్తారు. ‘చూశారా, అవకాశం ఇస్తే ఎదిగారు’ అంటారు. ఎవరు ఇచ్చారండీ అవకాశం? ఆ స్కూలు ఆవరణలోనే దాదాపు 180 మంది పిల్లలను పూడ్చిపెట్టారు. క్షయ, ఇతర జబ్బులు. గెలుపులు పత్రికల్లోకి ఎక్కాయి, ఆ సమాధులు ఎక్కలేదు.

థోర్ప్‌కేం జరిగిందో చూడండి. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో రెండు బంగారు పతకాలు. అంతకుముందు వేసవుల్లో కాస్త డబ్బుకు బేస్‌బాల్ ఆడాడని 1913లో లాగేసుకున్నారు. తెల్ల కాలేజీ కుర్రాళ్లూ అదే పని చేసేవాళ్లు, కాకపోతే దొంగ పేర్లతో. ఇతను సొంత పేరుతో ఆడాడు. దొరికిపోయింది నిజాయితీ. తనకేమీ తెలియదని కోచ్ పాప్ వార్నర్ చేతులు దులుపుకున్నాడు. థోర్ప్ 1953లో పోయాడు. ఒలింపిక్ కమిటీ అతన్ని తిరిగి ఏకైక విజేతగా గుర్తించింది 2022లో!

నాకు ఆ స్కోర్ల కన్నా గొప్పగా అనిపించేది వేరే ఉంది. హార్వర్డ్‌పై ఆడిన క్వార్టర్‌బ్యాక్ గస్ వెల్చ్, ఓజిబ్వే కుర్రాడు, స్కూల్లో జరుగుతున్న వాటిపై విచారణ కోరుతూ పిటిషన్ నడిపించాడు. రెండు వందల మందికి పైగా విద్యార్థులు సంతకాలు పెట్టారు. 1914లో అమెరికా కాంగ్రెస్ కమిటీ వచ్చి కూర్చుంది. పిల్లలను కొట్టడం, టికెట్ల డబ్బుతో నిండిన అథ్లెటిక్ ఫండ్ లెక్కలు, ఆటగాళ్లపై కోచ్ బూతులు, అన్నీ బయటికొచ్చాయి. సూపరింటెండెంట్ పదవి పోయింది. వార్నర్ వెళ్లిపోయాడు. 1918లో బడే మూతపడింది. ఆ పిల్లల్లో చాలామందికి అప్పటికి సొంత నేలమీద పౌరసత్వం కూడా లేదు. మూలవాసులందరికీ అది వచ్చింది 1924లో. (బాబాసాహెబ్ కొలంబియాలో చదివింది 1913-16 మధ్య. న్యూయార్క్‌లో ఆయన ఉన్న ఆ రోజుల్లో ఈ బడి ఇంకా నడుస్తూనే ఉంది.)

కులమూ, మూలవాసుల అణచివేతా ఒకటే అనడం లేదు. భూమిని లాక్కుని మనుషుల్ని తుడిచేయడం వేరు, ఊరి చివర ఉంచి తరతరాలుగా చాకిరీ చేయించుకోవడం వేరు. కానీ అదే 1911లో మనవాడొకడు ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. చమార్ కులంలో పుట్టిన పల్వంకర్ బాలూ. పూనాలో అతని బంతి కావాలి గానీ, టీ మాత్రం బయట మట్టి ముంతలో. వచ్చే వారం ఆయన గురించి.