లేతచెట్టు నీటిలెక్క

బ్రస్సెల్సు వాసియగు వాన్ హెల్మాంట్ ఐదు పౌనుల విల్లో మొక్కను తొట్టిలో నాటి, ఐదేండ్లు నీరు మాత్రమే పోసి పెంచిన కథ శ్రోతలలో పలువురు చదువుకొన్నదే. చెట్టు 169 పౌనులయ్యెను. 200 పౌనుల మట్టిలో తరిగినది రెండు ఔన్సులు. కాబట్టి చెట్టంతయు నీరేయని ఆయన తీర్మానించెను. ఆయన మరణానంతరము 1648లో ఈ సంగతి అచ్చయినది. విచిత్రమేమనగా, 'గ్యాస్' అను మాటను కల్పించినవాడును, బొగ్గు కాలగా వెలువడు వాయువును గుర్తించినవాడును ఆయనయే. తన చెట్టు తినుచున్నది ఆ వాయువునేయని మాత్రము ఆయనకు తోచలేదు!

మరి పోసిన నీరేమైనది? ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ పొద్దుతిరుగుడు మొక్కను కుండతో సహా దినదినము తూచి, ఆకులనుండి ఆవిరియై పోవు నీటిని లెక్కగట్టి, 1727లో ప్రకటించెను. ఆకునకు కంటికానని రంధ్రములు కలవు. బొగ్గుపులుసు వాయువు లోనికి వచ్చునదియు, నీటియావిరి వెలికిపోవునదియు ఆ వాకిళ్ళనుండియే. తిండికై తలుపు తీసినచో దాహము తప్పదు. గాలిలో ఆ వాయువు తగ్గినచో రంధ్రములు మరింత తెరచుకొనునని 1948లో హీత్ నిరూపించెను. హెచ్చినచో తలుపు ఓరగా వేసికొన్నను ఆకునకు చాలును.

వాయువు హెచ్చుచునే యున్నది. హవాయిలోని మౌనాలోవా కొండపై 1958లో కొలత మొదలైనప్పుడు పదిలక్షల పాళ్లలో సుమారు 315 పాళ్లు. నేడు 420 దాటినది. 1987లో వుడ్‌వర్డ్ అను శాస్త్రజ్ఞుడు పూర్వులు ఎండబెట్టి దాచిన ఎనిమిది జాతుల చెట్ల ఆకులను పరీక్షించెను. రెండువందల యేండ్లలో రంధ్రముల సాంద్రత నూటికి నలుబది వంతున తగ్గియుండెను. ఫ్యాక్టరీల పొగచరిత్ర ఎండుటాకులలో దొరకుట నాకు మిక్కిలి అబ్బురము గొల్పును.

పిదప పైకప్పులేని పారదర్శకపు గదులలో లేతచెట్లను పెంచి, ఈ వాయువును మెండుగా నిచ్చి చూచిరి. యూరపు అడవిచెట్ల ప్రయోగములను 2001లో మెడ్లిన్ మున్నగువారు క్రోడీకరింపగా, ఆకులు ఆవిరిని విడుచు జోరు సగటున నూటికి 21 వంతులు తగ్గినదని తేలెను. ముదురుచెట్లలోకంటె లేతచెట్లలో ఈ తగ్గుదల హెచ్చు. ఇక నదులకు నీరు మిగులునని కొందరు సంతసించిరి. తొందరపడిరని నా యభిప్రాయము. మెండుగా తిన్న మొక్క ఆకులను గూడ మెండుగా తొడుగును; ఒక్కొక్క ఆకు పొదుపు చేసినది పెరిగిన ఆకులు త్రాగివేయవచ్చును.

అమెరికాలోని ఉత్తర కరొలైనాలో, 1983లో నాటిన పైన్ తోటలో వలయములుగా స్తంభములు నిలిపి, 1996 మొదలు 2010 వరకు ఆరుబయటనే ఈ వాయువును వదలిరి. ఆ పైన్ చెట్ల ఆకులు తలుపులను ఇంచుమించు ఎప్పటివలెనే తెరచియుంచినవి.