చెరువు ప్రక్క కోట



అనకాపల్లిలో రైలెక్కి, విశాఖపట్నము దాటి విజయనగరమున దిగినచో, మూడు లాంతర్ల కూడలికి సమీపమున ఒక రాతికోట మీకు కనబడును. దానికి చేరువనే పెద్ద చెరువు గలదు.

పూసపాటివారు పూర్వము కుమిలిలో నుండిరి. 1713వ సంవత్సరమున విజయరామరాజు ఇచ్చట పునాది వేయించెను. విజయ నామ సంవత్సరము, విజయదశమి, జయవారమను మంగళవారము, కట్టించినవాని పేరు, ఊరి పేరు, ఇన్ని విజయములు ఒక్కచోట కూడినవని ఆ ప్రాంతపువారు నేటికిని చెప్పుదురు.

అయితే ఆ విజయములు ఎంతకాలము నిలిచెను? 1757 జనవరి 24న బుస్సీ దొర ఫిరంగులతో బొబ్బిలి కోట కూలెను. లోపలి స్త్రీలను, పసిబిడ్డలను శత్రువుల చేజిక్కనీయక తమవారే చంపుకొనిరి. కొలది దినములకే విజయరామరాజు తన గుడారములో తాండ్ర పాపారాయుని చేత హతుడాయెను. అతని చెల్లెలు పైడిమాంబ ఆ దుఃఖము తాళలేక పెద్ద చెరువులో మునిగి చనిపోయెనని జనులు చెప్పుకొందురు. బొబ్బిలి కథను బుఱ్ఱకథలో విని మనలో కంటతడి పెట్టనివారెవరు? ఈ చెరువు గట్టున ఏడ్చినవారిని తలంచినవారు మాత్రము కొద్దిమందియే. 1794 జూలై 10న మరియొక విజయరామరాజు పద్మనాభము వద్ద కుంపిణీ సేనలతో పోరాడి మడిసెను.

కోటకు రెండు సింహద్వారములు. తూర్పుదానిపై నగారా మ్రోగెడిది. పడమటిదానినుండి రాజవంశమున మృతులైనవారిని స్మశానమునకు కొనిపోయెడివారట.

1958లో పి.వి.జి. రాజు గారు తండ్రి పేర మాన్సాస్ అను ధర్మసంస్థను స్థాపించి, ఈ కోటను విద్యకై దానికి అప్పగించిరి. నేడు లోపల కళాశాలలున్నవి. పల్లెలనుండి వచ్చిన ఆడపిల్లలు పుస్తకములు పట్టుకొని నగారా ద్వారమున ప్రవేశించుచున్నారు. వారి ముత్తవ్వలలో ఎందరు ఆ గడప త్రొక్కగలిగియుందురు?

దుఃఖకరమైన సంగతి యొకటి చెప్పక తప్పదు. 1869లో కట్టించిన మోతీమహలు ఒకప్పుడు దర్బారు జరిగిన స్థలము. పిమ్మట స్త్రీవిద్యకు ఇయ్యబడినది. శిథిలమైనదని 2020లో దానిని పడగొట్టిరి. బాగుచేసి నిలుపవలసినదని నాతో పాటు అనేకులకు తోచెను. ఇచ్చినవాని చేతికంటె, పుచ్చుకొని కాపాడువారి చేతికి ఎక్కువ ఓర్పు కావలెను గదా!

మీ కుమార్తెను అచ్చట చేర్పించుటకు వెళ్లినప్పుడు, రుసుము కట్టి తొందరగా తిరిగి రాకుడు. పడమటి ద్వారము వద్ద కొంతసేపు నిలువుడు. అటుపిమ్మట ఆమెను వెంటబెట్టుకొని చెరువు గట్టువరకు నడచి, ఈ కథ చెప్పుడు.